నల్లమలలో మూడు రోజులు: శ్రీశైలం దర్శనం కాక ఇంకేం చూడొచ్చు?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి సొంత కారులో బయలుదేరతారు. వెంట మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు. చేతిలో మూడు రోజులు. శ్రీశైలం ఇంతకుముందు చాలాసార్లు వెళ్లారు కానీ ప్రతిసారీ దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేశారు. ఈసారి అడవి చూడాలి. అహోబిలం కూడా కలుపుకోవచ్చా, పులి కనిపిస్తుందా, ఏ నెల మంచిది అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అచ్చంపేట దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న మన్ననూరులో ఒక రాత్రి, శ్రీశైలంలో ఒక రాత్రి ఉండండి. అహోబిలాన్ని ఈ ప్రయాణంలో కలపొద్దు. కార్తీకమాసం అయిపోయాక, డిసెంబరులో వెళ్లండి. పులి కనిపిస్తుందని ఆశ పెట్టుకోకండి. పిల్లలకు కూడా ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి.

మాది అచ్చంపేట. బయటి ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాలను, బడి పిల్లలను చాలా ఏళ్లుగా ఈ అడవికి తీసుకెళ్తున్నాను. కాబట్టి కృష్ణకు ఇవతలి వైపు కాస్త ఎక్కువ వివరంగా, అవతలి వైపు కాస్త తక్కువగా రాస్తున్నాను.

అహోబిలం ఎందుకు వద్దంటున్నాను

మ్యాపులో చూస్తే శ్రీశైలం, అహోబిలం ఒకే అడవిలో పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. అడవి ఒకటే, నిజమే. కానీ కారు పోయే దారి కొండల మీదుగా లేదు. శ్రీశైలం నుంచి దోర్నాల దిగి, అక్కడి నుంచి ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ తిరిగి పోవాలి. రెండొందల కిలోమీటర్లు దాటుతుంది. అందులో సగం ఘాట్ రోడ్డు, అడవి రోడ్డు. పెద్దవాళ్లు కారులో కూర్చునే ఒక పూట అలసిపోతారు. పోనీ అలసిపోయినా వెళ్దామంటే, అహోబిలం గంటలో చూసొచ్చేది కాదు. నవ నారసింహ క్షేత్రాలు తొమ్మిదీ కొండల్లో, వాగుల్లో విడివిడిగా ఉంటాయి. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి భవనాశిని వాగు వెంబడి రాళ్ల మీద నడిచి, మెట్లెక్కి పోవాలి. ఆ నడకే అహోబిలం. ఎగువ అహోబిలం గుడి ఒక్కటే చూసి తిరిగొస్తే అంత దూరం పోయినందుకు ఫలం దక్కదు. దానికి వేరే రెండు రోజులు పెట్టుకోండి, చివర్లో దాని గురించి కొంచెం రాస్తాను.

ఈ అడవి ఎంత పెద్దదో తెలిస్తే నా మాట సబబుగా అనిపిస్తుంది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చినప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు. దేశంలో అంతకంటే పెద్దది అప్పుడు లేదు. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, దక్షిణాన ఉన్నది పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. దీనివల్ల మీకు తగిలే చిక్కు ఒకటుంది. రెండు వైపులా అటవీశాఖలు వేరు, సఫారీ బుకింగులు వేరు, నియమాలు వేరు. మన్ననూరులో తీసుకున్న రసీదు శ్రీశైలం వైపు పనికిరాదు.

గేటు టైము మరిచిపోవద్దు

మన్ననూరు నుంచి దోమలపెంట వరకు ఉన్న అడవి రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. అటు దోర్నాల నుంచి శిఖరం (శ్రీశైలం దగ్గరి శిఖరేశ్వరం) వరకు కూడా అంతే. ఎవరు బతిమాలినా తీయరు, తీయకూడదు కూడా. రాత్రిపూట ఆ రోడ్డు జంతువులది. వేసవిలో పగలంతా ఎండకు నీడన పడుకున్న దుప్పులు, అడవిపందులు, ఎలుగులు చల్లబడ్డాకే రోడ్డు దాటుతాయి.

విజయవాడ నుంచి వస్తున్న ఒక కుటుంబం దోర్నాల చేరేసరికి తొమ్మిది దాటింది. చంటిబిడ్డతో ఆ రాత్రంతా కారులోనే ఉన్నారు. లాడ్జీ కోసం వెనక్కి పోదామంటే అప్పటికే బాగా పొద్దుపోయింది. ఫోన్ మ్యాప్ చూపించిన టైము నమ్ముకున్నారు, కానీ ఘాట్ రోడ్డులో లారీ వెనక పడితే ఆ లెక్క తప్పుతుంది. గేటు మూసే వేళకు రెండు గంటల ముందే లోపలికి వచ్చేలా ప్లాన్ చేసుకోండి. పెట్రోలు కూడా హాజీపూర్, అచ్చంపేట ప్రాంతంలోనే నింపుకోండి. అడవిలో ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి, లేకపోతే వాళ్లు టెన్షన్ పడతారు.

మొదటి రోజు: ఉమామహేశ్వరం, ఫర్హాబాద్

హైదరాబాద్‌లో పొద్దున్నే బయలుదేరితే దిండి మీదుగా పదీ పదిన్నరకు ఉమామహేశ్వరం చేరొచ్చు. అచ్చంపేట దగ్గర, రంగాపూర్ దాటాక కొండ మీద ఉంటుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు దీన్ని. (తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం.) మీ అమ్మానాన్నల కోసం నేను ముందుగా చెప్పే చోటు ఇదే. ఘాట్ రోడ్డు మీద బండి చాలా పైదాకా పోతుంది. అక్కడి నుంచి కొన్ని మెట్లు, ఆ తరువాత దాదాపు సమంగా ఉండే దారి.

గుడి ఒక పెద్ద కొండచరియ కింద ఉంటుంది. నెత్తి మీద బండ గొడుగులా ముందుకు వచ్చి ఉంటుంది, దాని కిందే నడుచుకుంటూ పోవాలి. బండ సందుల్లోంచి నీళ్లు చుక్కచుక్కగా రాలుతుంటాయి. లోపలికి పోతే పాపనాశనం దగ్గర ఊట ఉంటుంది. మండుటెండల్లో కూడా ఆ నీళ్లు చల్లగా ఉంటాయి. పెద్దవాళ్లను ఆ బండ నీడన కూర్చోబెట్టి, మీరు పిల్లలతో అంచు దగ్గరికి వెళ్లి కింద లోయ చూడండి. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నడవలేనని కారు దిగనన్నారు. చివరికి ఆమే ఎక్కువసేపు కూర్చున్నారు, మిగతావాళ్లం వెళ్దామన్నా లేవలేదు. కోతులున్నాయి, ప్రసాదం సంచి చేతిలో వేలాడదీసుకుని నడవకండి.

మధ్యాహ్నానికి మన్ననూరు వచ్చేయండి. అటవీశాఖ కాటేజీలు ఇక్కడే ఉన్నాయి. గది, సఫారీ కలిపి ప్యాకేజీ ఉంటుంది, ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. శని ఆదివారాలకు చాలా ముందుగా అయిపోతాయి. వీలుంటే సోమవారం తరువాత, వారం మధ్యలో రండి, అడవి కూడా నిశ్శబ్దంగా ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులులు జతకట్టే కాలమని సఫారీ ఆపేస్తారు.

ఫర్హాబాద్ గేటు నుంచి లోపలికి సొంత బండ్లను పంపరు. అటవీశాఖ జీపులోనే పోవాలి. దారి పొడవునా ఎండుటాకుల అడవి, వెదురు పొదలు, మధ్యమధ్య గడ్డి మైదానాలు. చివర వ్యూ పాయింట్ దగ్గర పీఠభూమి ఒక్కసారిగా తెగిపోయి, కింద మైదానంలో పల్లెలు, చెరువులు కనిపిస్తాయి. దగ్గర్లో నిజాం కాలం నాటి వేట బంగళా శిథిలాలు ఉన్నాయి. సాయంత్రం సఫారీ కంటే పొద్దున్నది మంచిది. రెండింట్లో ఒకటే దొరికితే పొద్దున్నదే తీసుకోండి. డిసెంబరులో చలి బాగా ఉంటుంది, జీపులో గాలి ఇంకా కొడుతుంది, పెద్దవాళ్లకు శాలువా, మంకీ క్యాపు తప్పనిసరి.

పులి సంగతి

పులులున్నాయి. కెమెరాలకు చిక్కుతున్నాయి, అప్పుడప్పుడు రోడ్డు మీద కూడా కనిపిస్తున్నాయి. అయినా ఇది పులులు తేలిగ్గా కనిపించే తడోబా, రణథంబోర్ లాంటి అడవి కాదు. ఇక్కడ కొండలు, లోయలు ఎక్కువ. ఒక్కో పులి తిరిగే జాగా చాలా పెద్దది, దుప్పుల మందలు పలుచగా ఉంటాయి, సఫారీకి తెరిచిన దారులు తక్కువ. పులి కోసమే వచ్చినవాళ్లు మూడు గంటలు జీపులో ఫోన్ పట్టుకుని కూర్చుని, దిగేటప్పుడు ఏమీ లేదని వెళ్లిపోవడం చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. వాళ్ల పక్కనుంచే చాలా అడవి పోయింది.

మీతో వచ్చే గైడుల్లో చాలామంది స్థానిక చెంచు యువకులు. వాళ్లను అడగండి, అడిగితేనే చెబుతారు. అడగకపోతే మౌనంగా కూర్చుంటారు, అది వాళ్ల స్వభావం. ఒకసారి బడి పిల్లలతో వెళ్తుంటే గైడు జీపు ఆపించి రోడ్డు పక్కన చెదపుట్టను చూపించాడు. పుట్టకు ఒక పక్క మోకాలి లోతు గుంత తవ్వి ఉంది. మట్టి ఇంకా తడిగా ఉంది, అంచు మీద వేళ్లతో గీరినట్టు సమాంతరంగా గీతలు. రాత్రి ఎలుగుబంటి చెదల కోసం తవ్విన గుంత అది. గుంతలో మూతి పెట్టి చెదలను ఎలా పీల్చుకుంటుందో అతను నోటితో శబ్దం చేసి చూపించాడు. ఆ పక్కనే ఉన్న మద్ది చెట్టు మీద ఎక్కినప్పుడు పడ్డ గోళ్ల గాట్లు చాలా పైదాకా ఉన్నాయి, పైన కొమ్మకు తేనెపట్టు తాలూకు మైనం మిగిలి ఉంది. జంతువు కనిపించకపోయినా అది రాత్రంతా ఏం చేసిందో పిల్లలకు మొత్తం అర్థమైంది.

మీరు చూడగలిగినవి: చుక్కల దుప్పులు, కణుజులు (సాంబార్లు), మనుబోతులు (నీల్‌గాయ్‌లు), కొండముచ్చులు, నెమళ్లు, అదృష్టం ఉంటే నాలుగు కొమ్ముల కొండగొర్రె, రేచుకుక్కల గుంపు. కొండముచ్చు చెట్టు మీద నుంచి ఒకే దిక్కు చూస్తూ ఆగకుండా ఖర్ ఖర్‌మని అరుస్తుంటే జీపు ఆపమనండి. దానికి ఏదో కనిపించిందన్నమాట. చిరుత కావచ్చు, పులీ కావచ్చు. ఇంజిను ఆపి పదినిమిషాలు ఓపిక పట్టండి.

రెండో రోజు: మల్లెలతీర్థం, ఆక్టోపస్ వ్యూ పాయింట్, డ్యామ్

మన్ననూరు నుంచి శ్రీశైలం దారిలో వటువర్లపల్లి వస్తుంది. అక్కడి నుంచి పక్కకు తిరిగి సుమారు 8 కిలోమీటర్లు పోతే మల్లెలతీర్థం. బండి దిగాక మూడువందల యాభై దాకా మెట్లు కిందికి ఉంటాయి. మీ అమ్మానాన్నలను దింపొద్దు. దిగడం తేలికగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే మోకాళ్లు పట్టేస్తాయి, మధ్యలో ఆగిపోతే మోసుకురావడానికి మనుషులు దొరకరు. పైన చెట్ల కింద వాళ్లతో ఒకరు కూర్చోండి, మీరూ మీ ఆవిడా విడతలుగా పిల్లలతో దిగండి.

కింద కొండ చీలికలో, చుట్టూ ఎత్తయిన రాతి గోడల మధ్య నీళ్లు పడతాయి. ఎండ అక్కడికి మధ్యాహ్నం కాసేపే వస్తుంది. రాళ్ల మీద నాచు చాలా జారుడుగా ఉంటుంది, ధార కింద తడవాలనుకుంటే చెప్పులు విప్పి, పిల్లల చేతులు పట్టుకుని వెళ్లండి. వానలు బాగా కురుస్తున్న రోజుల్లో నీళ్లలోకి దిగనే కూడదు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ నిమిషాల్లో ఉధృతి పెరుగుతుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా చక్కటి ధార ఉంటుంది. ఫిబ్రవరి దాటాక సన్నబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇంటర్నెట్ ఫొటోలు చూసి వచ్చేవాళ్లకు తడి బండ మాత్రమే మిగులుతుంది. నేను డిసెంబరు అని పట్టుబట్టడానికి మల్లెలతీర్థం ఒక ముఖ్య కారణం. ఇంకో కారణం కార్తీకమాసపు రద్దీ. ఆ నెలలో, ముఖ్యంగా సోమవారాల్లో, శ్రీశైలంలో గది దొరకడమే గగనం.

అక్కడి బండల మీద, కొండ అంచుల్లో పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. వాటి దగ్గర పొగ పెట్టడం, సెంటు రాసుకోవడం, రాళ్లు విసరడం వద్దు. కొండ తేనెటీగలు ఒకసారి లేచాయంటే మెట్ల మీద పరిగెత్తడానికి కూడా చోటుండదు. గడ్డిలో నడిస్తే పిడుదులు పట్టుకుంటాయి, ప్యాంటు సాక్సులోకి దోపుకోండి. సాయంత్రం పిల్లల చెవుల వెనక, చంకల్లో ఒకసారి చూడండి.

మళ్లీ మెయిన్ రోడ్డెక్కి దోమలపెంట వైపు పోతుంటే ఆక్టోపస్ వ్యూ పాయింట్ వస్తుంది. కింద కృష్ణ నీళ్లు కొండల సందుల్లోకి చేతులు చాచినట్టు పాకి ఉంటాయి, అందుకే ఆ పేరు. ఇది పెద్దవాళ్లు కూడా హాయిగా చూడగలిగేది. రిజర్వాయర్ నిండుగా ఉన్నప్పుడే ఆ ఆకారం బాగా తెలుస్తుంది, వేసవిలో నీళ్లు వెనక్కి పోయి ఒడ్డున ఎర్రమట్టి బయటపడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ నీళ్ల మీద పడి అంతా తెల్లగా కనిపిస్తుంది, మూడు దాటాక వెళ్లండి.

దోమలపెంట దాటాక రోడ్డు మలుపులు తిరుగుతూ కృష్ణలోకి దిగుతుంది. వాంతులయ్యేవాళ్లుంటే ఈ దిగుడుకు ముందు ఏమీ తినిపించకండి. డ్యామ్ 12 గేట్లు ఎత్తినప్పుడు చూడాలని అందరికీ ఉంటుంది. అది వరద వచ్చినప్పుడు, ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరు, ఒక్కోసారి అక్టోబరులో జరుగుతుంది. ఆ దృశ్యం గొప్పదే. కానీ ఆ శని ఆదివారాల్లో ఘాట్ రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ కార్లు ఆగిపోతాయి, పెద్దవాళ్లతో బాత్రూముకు కూడా దారి ఉండదు. గేట్ల కోసం పోవాలనుకుంటే మీరొక్కరే స్నేహితులతో వారం మధ్యలో వెళ్లిరండి.

చేపలు తినేవాళ్లయితే డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర భోజనం చేసేయండి. శ్రీశైలం కొండ మీద మాంసం, మద్యం నిషేధం.

మూడో రోజు: శ్రీశైలంలో మీరు చూడనివి

చాలాసార్లు వచ్చానన్నారు కదా, గుడి ప్రాకారం గోడ ఎప్పుడైనా చుట్టూ తిరిగి చూశారా? ఇరవై అడుగుల ఎత్తు గోడ, విజయనగర కాలం నాటిది, బయటి వైపు వరుసలు వరుసలుగా బొమ్మలు. క్యూలోకి వెళ్లే తొందరలో భక్తులు దాని పక్కనుంచే నడిచిపోతారు, తలెత్తరు. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే చెక్కడాలు బాగా తేలతాయి. కింది వరుసల్లో ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, పులితో తలపడే మనుషులు. పైన శివుడి కథలు, అర్జునుడి తపస్సు, మునులు. ముందురోజు అడవిలో చూసిన దుప్పి, పంది ఆ రాళ్ల మీద వెతకమని పిల్లలకు చెప్పండి. గంట ఇట్టే గడిచిపోతుంది. అంతా సమతలమే, మీ నాన్నగారు కూడా నెమ్మదిగా నడవొచ్చు.

ఊళ్లోకి వచ్చేచోట చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఉంది. చిన్నదే అయినా చూడండి. విల్లంబులు, తేనె తీసే సరంజామా, గిరిజనుల దేవతలు, వాయిద్యాలు ఉన్నాయి. తేనె కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి, రోడ్డు పక్కన సీసాల్లో అమ్మేది అంతా అడవి తేనె కాదు.

అక్కమహాదేవి గుహలు వెళ్లాలా వద్దా అన్నది మీ ఓపికను బట్టి. పాతాళగంగ నుంచి లాంచీలో కృష్ణ ఎగువకు సుమారు 16 కిలోమీటర్లు పోవాలి. పన్నెండో శతాబ్దపు కన్నడ శివభక్తురాలు అక్కమహాదేవి తపస్సు చేసుకున్న చోటు అంటారు. లాంచీ ప్రయాణం నాకు గుహ కంటే ఇష్టం. రెండు వైపులా నిటారు కొండలు, నీళ్లలో అక్కడక్కడ పుట్టి వేసుకుని చేపలు పట్టేవాళ్లు, మధ్యలో ఇంజిను శబ్దం తప్ప ఏమీ ఉండదు. గుహ ముందు సహజంగా ఏర్పడిన పెద్ద రాతి తోరణం ఉంది. లోపల శివలింగం దగ్గరికి పోయే సందు మాత్రం చీకటి, ఇరుకు. పక్కకు తిరిగి, వంగి పోవాలి. ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు బయటే ఆగాలి. రిజర్వాయర్‌లో నీళ్లు తగ్గినా, జనం సరిపోకపోయినా లాంచీ పోదు. ముందురోజు సాయంత్రమే పాతాళగంగ దగ్గర కనుక్కోండి. సగం రోజు దీనికే పోతుంది కాబట్టి ఇది పెట్టుకుంటే మిగతావి వదలాలి.

పెద్దవాళ్లతో ఆ సగం రోజుకు నా ప్రత్యామ్నాయం ఇది: పాతాళగంగకు రోప్‌వేలో దిగి రావడం, హటకేశ్వరం, పాలధార పంచధార (ఇక్కడ మెట్లున్నాయి, మీరు మాత్రం దిగండి), సాక్షి గణపతి, చివరికి శిఖరేశ్వరం. శిఖరేశ్వరంలో నువ్వులు పోసి, నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూసే ఆచారం మీకు తెలిసిందే. అది అయ్యాక అక్కడే కాసేపు నిలబడి అడవి వైపు చూడండి. శ్రీశైలం చుట్టూ ఇంత అడవి ఉందని చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది.

ఇష్టకామేశ్వరి గురించి అందరూ అడుగుతారు. అడవి లోపల చిన్న గుడి, అమ్మవారి నుదురు తాకితే మెత్తగా ఉంటుందని నమ్మకం. జీపు దారి రాళ్లమయం, కుదుపులు విపరీతం. వెన్నునొప్పి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, గర్భిణులకు వద్దే వద్దు. అటవీశాఖ అనుమతులు మారుతుంటాయి. అనుమతి ఉన్న జీపులోనే పోండి. ఎక్కువ డబ్బు తీసుకుని దొంగదారిన తీసుకెళ్తామనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకండి. అది పులి తిరిగే అడవి, అందులోకి చెప్పకుండా పోయిన బండి చెడిపోతే మిమ్మల్ని వెతికే దిక్కు ఉండదు. ఏపీ వైపు సఫారీ కావాలంటే శిఖరం–దోర్నాల రోడ్డులో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖదే ఉంది.

మూడో రోజు తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండింటికల్లా మొదలుపెట్టండి. అడవి మొత్తం వెలుతురులో దాటొచ్చు.

సలేశ్వరం, ఇంకా కొన్ని

పిల్లలకు ఎవరో సలేశ్వరం వీడియోలు చూపించారని రాశారు. అది ఎప్పుడు పడితే అప్పుడు పోయే చోటు కాదు. చైత్ర పౌర్ణమి రోజుల్లో జాతరకు మాత్రమే, కొద్ది రోజులు, అడవిలోకి వదులుతారు. లోయలోకి రాళ్ల మీదుగా చాలా దూరం నడిచి దిగితే, రెండు కొండల నడుమ చాలా ఎత్తు నుంచి పడే జలపాతం, దాని పక్కన గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. పోయేటప్పుడు ‘వస్తున్నం లింగమయ్యా’, వచ్చేటప్పుడు ‘పోతున్నం లింగమయ్యా’ అని జనం అరుచుకుంటూ నడుస్తారు. నల్లమలలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరి చోటు అదే. కానీ ఎండలు ముదిరిన కాలం, ఇరుకు దారి, వేల మంది జనం. పెద్దవాళ్లను తీసుకురావద్దు, పిల్లలు పదిహేనేళ్ల వాళ్లయ్యాక తీసుకురండి. జాతర లేని రోజుల్లో దొంగచాటుగా వెళ్లే ట్రెక్కింగ్ గుంపులు ఈమధ్య ఎక్కువయ్యాయి, వాళ్లతో కలవకండి. అక్కడి పెంటల్లో (అడవి లోపలి చిన్న గూడేల్లో) ఉండే చెంచు కుటుంబాలకు కూడా అది ఇబ్బందే.

పెంటల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రోడ్డు పక్కన చెంచు గూడెం కనిపిస్తే కారు ఆపి ఇళ్ల ముందు ఫొటోలు తీయడం, పిల్లలకు చాక్లెట్లు, చిల్లర విసరడం దయచేసి చేయకండి. ఎవరి ఇంటి ముందైనా అలా చేస్తే ఒప్పుకుంటామా? వాళ్ల గురించి తెలుసుకోవాలనుంటే గైడుతో మాట్లాడండి, అతని పనికి తగిన డబ్బు ఇవ్వండి.

కోతులకు అరటిపళ్లు వేయడం కూడా అంతే. పుణ్యమనుకుని వేస్తారు. వాటి కోసం కోతులు రోడ్డు మీదే కాపు కాస్తున్నాయి, బండ్ల కింద పడి చస్తున్నాయి. తల్లి కోతి చనిపోతే పొట్టకు అతుక్కున్న పిల్లను రోడ్డు మీద నుంచి నేను తీయాల్సి వచ్చింది. అడవిలో మారేడు, తునికి, ఉసిరి, మేడి, సారపండ్లు ఉన్నాయి, మనం వేయకపోతే అవి వాటి తిండి అవే వెతుక్కుంటాయి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు లోపలికి తేకండి. దుప్పుల పొట్టలోకి పోయేది ఆ కవర్లే. స్టీలు సీసాల్లో నీళ్లు నింపుకుని రండి.

తరువాతి ప్రయాణానికి

అహోబిలానికి ఫిబ్రవరి లోపు రెండు రోజులు పెట్టుకోండి. నంద్యాలలో గానీ దిగువ అహోబిలంలో గానీ బస చేయండి. మొదటి రోజు ఎగువ అహోబిలం, వరాహ, జ్వాలా, మాలోల నరసింహులు, రెండో రోజు బండి వెళ్లే మిగతా క్షేత్రాలు. జ్వాలా నరసింహస్వామి దారికి పొద్దున ఆరింటికే నడక మొదలుపెట్టాలి. పెద్దవాళ్లు నడవలేకపోతే డోలీలు దొరుకుతాయి. సంక్రాంతి తరువాత స్వామి పల్లకిలో ఊళ్లన్నీ తిరిగే పారువేట ఉత్సవం మొదలవుతుంది, నలభై రోజులకు పైనే సాగుతుంది. ఆ రోజుల్లో వెళ్తే చుట్టుపక్కల ఏదో ఒక పల్లెలో ఆ పల్లకి కనిపించవచ్చు.

నంద్యాల దాకా వచ్చినప్పుడు మహానంది ఎలాగూ చూస్తారు. కోనేటి నీళ్ల అడుగున వేసిన నాణెం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. దానితో పాటు నంద్యాల–గిద్దలూరు రైలు కూడా ఎక్కండి. గాజులపల్లె, చలమ, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా రైలు నల్లమలను అడ్డంగా దాటుతుంది, సొరంగాల్లోంచి పోతుంది. నడవలేని పెద్దవాళ్లకు అడవి నడిబొడ్డు చూపించడానికి ఇంతకంటే సుఖమైన దారి నాకు తెలియదు. పగటి పూట రైలే ఎంచుకోండి, కిటికీ పక్క సీట్లలో వాళ్లను కూర్చోబెట్టండి. గిద్దలూరులో దిగాక టైముంటే కంభం చెరువు కట్ట మీదికి వెళ్లండి. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్టిన కట్ట అది, ఈ రోజుకీ పొలాలకు నీళ్లిస్తోంది.

మీరు ఏ నెల, ఏ వారం ఖాయం చేసుకున్నారో ఇక్కడే రాయండి. మల్లెలతీర్థంలో అప్పటికి నీళ్లెలా ఉన్నాయో, సఫారీ నడుస్తోందో లేదో మన్ననూరులో కనుక్కుని చెబుతాను.